ఆవిడకి తర్వాతి నవల: విశాఖ అద్దె ఇల్లా, నల్లమల అడవా?

బాగా చదివే మనిషికి పుస్తకం కొనివ్వడం చీర కొనివ్వడం కన్నా కష్టం. చీర నచ్చకపోతే షాపుకెళ్లి మార్చుకోవచ్చు, లేదంటే ఎవరికైనా పెట్టేయొచ్చు. నవల నచ్చకపోతే మాత్రం మంచం పక్కన, ఇరవయ్యో పేజీలో చీటీతో, నెలల తరబడి పడుంటుంది. తీసి లోపల పెడితే మనం ఏమనుకుంటామోనని ఆవిడకి మొహమాటం, ఎంతవరకు వచ్చావని అడగడానికి మనకి మొహమాటం.

మా ఆవిడది వారపత్రికల తరం. వాళ్ల పుట్టింటి అటక మీద, సీరియల్ పేజీలు చింపి దబ్బనంతో కుట్టిన బైండ్లు ఇప్పటికీ ఉన్నాయి. యద్దనపూడి, యండమూరి పదో తరగతికి ముందే అయిపోయారు. అందుకే ఆవిడ ఏం చదివిందో మా ఇంట్లో బీరువా చూసి చెప్పలేం. సగం పుస్తకాలు అద్దె లైబ్రరీలో తెచ్చి ఇచ్చేసినవి, మిగతా సగం వారం వారం చదివి వదిలేసినవి. సర్‌ప్రైజ్ చేయాలని మీకూ ఉంటే, కొనేముందు మీ వదినగారికో మరదలికో ఒక ఫోన్ కొట్టండి.

‘తప్పక చదవాల్సిన తెలుగు నవలలు’ అని ఎవరు జాబితా రాసినా వేయిపడగలు పైనే ఉంటుంది. 1934లో విశ్వనాథ సత్యనారాయణ 29 రోజుల్లో తమ్ముడికి చెబుతూ రాయించిన నవల, అడివి బాపిరాజు నారాయణరావుతో కలిసి ఆంధ్ర విశ్వకళాపరిషత్తు బహుమతి పంచుకున్న నవల, పి.వి. నరసింహారావు పనిగట్టుకుని హిందీలోకి తెచ్చిన నవల. గొప్పతనంలో వంక లేదు. కానీ ఆఫీసు, వంట, పిల్లల హోంవర్కు అయ్యాక రాత్రి పదిన్నరకి అరగంట చదువుకునే మనిషి చేతిలో వెయ్యి పేజీల పుస్తకం పెడితే ఆవిడకి కూడా హోంవర్కు ఇచ్చినట్టే. దాన్ని ఎవరికి వాళ్లు కోరి తీసుకోవాలి.

అంపశయ్యని కూడా ఇందుకే పక్కన పెట్టాను. ఉస్మానియా హాస్టల్లో ఉండే రవి అనే విద్యార్థి తలలో ఒక్క రోజంతా ఏం తిరుగుతుందో, అదే నవల. 1969లో అలా రాయడం సాహసం. ఆ పేరే రచయిత నవీన్‌కి ఇంటిపేరై కూర్చుంది. అయితే ఆ ధార రోజుకో పది పేజీలుగా చదివితే తెగిపోతుంది. సెలవుల్లో రైల్లో కూర్చుని చదవాల్సిన పుస్తకం అది.

చివరికి నా దగ్గర గట్టిగా పోటీపడినవి రెండు: డాక్టర్ పి. శ్రీదేవి కాలాతీత వ్యక్తులు, సన్నపురెడ్డి వెంకటరామిరెడ్డి కొండపొలం.

మొదటిది 1957-58లో తెలుగు స్వతంత్ర పత్రికలో సీరియల్‌గా వచ్చింది. శ్రీదేవి వృత్తిరీత్యా డాక్టరు. 1961లో చిన్న వయసులోనే పోయారు, రాసిన నవల ఇదొక్కటే. విశాఖపట్నం, అద్దె గదులు, చదువుకునే వాళ్లు, అప్పుడే ఉద్యోగాల్లో చేరిన వాళ్లు. అందరిలోకీ ఇందిర. బాధ్యత తెలియని తండ్రిని తన జీతంతో పోషిస్తూ, తనకి కావాల్సింది తానే చేయి చాచి తీసుకోవాలనుకునే పిల్ల. ఆమె మంచిదా చెడ్డదా అని రచయిత్రి ఎక్కడా తీర్పు చెప్పదు, ఆ పని మనకే వదిలేస్తుంది. ఇక ప్రకాశం ఉన్నాడు, మెడిసిన్ చదువుతుంటాడు, మంచివాడే, కానీ వెన్నెముక లేదు. ఇలాంటి వాళ్లు మన చుట్టాల్లో కనీసం ఇద్దరుంటారు. కథ ఎక్కువగా మాటల్లోనే నడుస్తుంది, అందుకని అరగంట చదివి ఆపినా మర్నాడు దొరికిపోతుంది. అరవై ఏళ్లు దాటినా ఆ సంభాషణలకి తుప్పు పట్టలేదు.

ఈ నవలనే 1963లో చదువుకున్న అమ్మాయిలు సినిమాగా తీశారు. సావిత్రి, నాగేశ్వరరావు, పాటలు, సరదా. సినిమా చూసేశాం కదా అని మీ వాళ్లు నవల పక్కన పెడితే మాత్రం ఒప్పుకోకండి. సినిమా చూస్తే వచ్చే హాయి వేరు, నవలలో ఇందిర పెట్టే ఇబ్బంది వేరు.

కొండపొలానిది పూర్తిగా వేరే లోకం. కడప వైపు పల్లెల్లో వానలు పడక, మేత, నీళ్లు లేక గొర్రెలు అల్లాడితే, కాపరులు మందలు తోలుకుని వారాల తరబడి నల్లమలలోకి పోతారు. అదే కొండపొలం. బీటెక్ చదివి ఉద్యోగం దొరకని కుర్రాడు రవీంద్ర తండ్రి వెంట అలా అడవికి వెళ్తాడు. పులి భయం, నీళ్లకోసం వెతుకులాట, రాత్రిపూట మంద చుట్టూ కాపలా. 2019లో అమెరికా తెలుగువాళ్ల సంఘం తానా నవలల పోటీలో బహుమతి వచ్చింది, 2021లో దర్శకుడు క్రిష్ సినిమా తీశారు. సినిమాలో గొర్రెలతో పాటు నడిచే హీరోయిన్ నవలలో లేదు. అది లోటని కూడా అనిపించదు, ఎందుకంటే నవలలో ఆ చోటంతా అడవిదే.

చిక్కల్లా యాసతో. పాత్రలు కడప మాటే మాట్లాడతాయి. రాయలసీమ వాళ్లకి పుట్టింటికి వెళ్లినట్టుంటుంది. మా ఆవిడది కాకినాడ, మొదటి పాతిక పేజీలు కాస్త తడుముకోవాలి. తర్వాత చెవి అలవాటు పడుతుంది, నాకు అలాగే అయింది. అమెరికాలో ఉన్న మా తమ్ముడు మాత్రం ఈ నవలంటే పడి చస్తాడు. చదువు, ఉద్యోగం, నాన్న ముందు తలెత్తుకోలేకపోవడం, ఇవన్నీ అతనికి తెలిసిన బాధలు.

మరి ఏది మేలు? ఏ రచయిత ఇష్టం అన్నది చూస్తే తేలదు. చదివేటప్పుడు ఆ మనిషి ఏం చేస్తారో చూడండి. మా ఆవిడ పాత్రలతో పోట్లాడుతుంది. “ఏం మనిషండీ వీడు, నోరు విప్పి ఒక్క మాట చెప్పడానికి ఏం రోగం?” అని అర్ధరాత్రి నన్ను లేపి మరీ అడుగుతుంది. వర్ణన వస్తే మాత్రం పేజీలు గబగబా తిప్పేస్తుంది, నేను చూడట్లేదనుకుంటుంది. ఇలాంటి వాళ్లకి అనుమానం అక్కర్లేదు, కాలాతీత వ్యక్తులు. ఇందిర గురించి కనీసం వారం రోజులు గొడవ గ్యారంటీ, మీరూ చదివి ఉండడం మంచిది.

అలా కాక, “ఇది విను” అని ఏదో చెట్టు గురించో వాన గురించో రెండు వాక్యాలు పైకి చదివి వినిపించే మనిషైతే కొండపొలం. ఇళ్లు, పెళ్లిళ్లు, ప్రేమలు చదివీ చదివీ విసుగొచ్చిన వాళ్లకి కూడా ఇదే. సినిమా చూశాక ఇస్తే ఇంకా నయం, యాస దగ్గర ఆగిపోకుండా కథ చేయి పట్టుకుని నడిపిస్తుంది.

ఇప్పుడే ఏదో లావు పుస్తకం ముగించి అలిసిపోయి ఉంటే ఈ రెండూ వద్దు. కేశవరెడ్డి అతడు అడవిని జయించాడు ఇవ్వండి. తప్పిపోయిన చూలు పందిని వెతుక్కుంటూ చీకట్లో అడవిలోకి వెళ్లిన ముసలివాడి కథ. చిన్న పుస్తకం, ఒకటి రెండు రాత్రుల్లో అయిపోతుంది. అయితే మనసుని పిండేస్తుంది, పుట్టినరోజు కానుకగా మాత్రం నేనివ్వను.

కొనేటప్పుడు వీలైతే షాపుకే వెళ్లి తెరిచి చూడండి. కొన్ని పాత నవలల రీప్రింట్లలో అక్షరాలు చీమల్లా ఉంటాయి, నలభై దాటిన కళ్లకి అదొక టెన్షన్. డిసెంబర్ హైదరాబాద్ బుక్ ఫెయిరో, జనవరి విజయవాడ పుస్తక మహోత్సవమో దగ్గరపడితే అప్పటిదాకా ఆగండి, నాలుగు ప్రచురణలు పక్కపక్కన పెట్టి చూడొచ్చు.

ఇంత లెక్కలెందుకు, రెండూ కొనేయొచ్చుగా అంటారా? కొనండి, కానీ రెండూ ఒకేసారి చేతిలో పెట్టకండి. మొదటిది ముగిశాక గొడవలన్నీ చల్లారనివ్వండి. “ఇంట్లో చదవడానికి ఏమీ లేదు” అనే మాట వినపడిన రోజున రెండోది బయటికి తీయండి.