అరసవల్లి వెళ్లేవాళ్లు నాగావళి వంతెన మీద ఒక గంట ఆగండి

అరసవల్లిలో సూర్యనారాయణ స్వామి దర్శనం చేసుకుని అదే పూట తిరిగి వచ్చేయడం మా ఇంట్లో ఎప్పటినుంచో అలవాటు. ఈసారి రథసప్తమి రద్దీ తగ్గాక శ్రీకాకుళంలో రెండు రోజులు ఉన్నాం. అందుకు కారణం మా మామయ్య. వంతెనల పనులు చేయించి రిటైరైన మనిషి. "ఇన్నిసార్లు గుడికి వచ్చావు, ఒక్కసారైనా నదిని చూశావా అమ్మాయీ?" అని అడిగారు. చూడలేదు.

విశాఖ నుంచి ఆర్టీసీ బస్సులో సుమారు రెండున్నర గంటల ప్రయాణం. శ్రీకాకుళం రోడ్డు రైల్వే స్టేషన్ ఆమదాలవలసలో ఉంది కాబట్టి రైలు దిగాక మళ్లీ బస్సో ఆటోనో ఎక్కాలి. పెద్దవాళ్లు వెంట ఉంటే నేరుగా బస్సులో రావడమే నయం. మేము దిగిన లాడ్జిలో దుప్పట్లు శుభ్రంగా ఉన్నాయి, పిలిస్తే పలికే మనుషులున్నారు. కానీ వేడినీళ్లు ఎప్పుడూ వస్తాయని చెప్పి గది ఇచ్చి, తెల్లవారుజామున అడిగితే ఏడు దాటాకే అన్నారు. స్నానం చేసి గుడికి వెళ్లాల్సిన ఊళ్లో అది చిన్న లోపం కాదు.

ఎండ ఎక్కకముందే పాత వంతెన మీదికి నడిచాం. ఆ వేళ నది సన్నగా ఉంది. ఇసుక తిన్నెల మధ్య నీళ్లు మెల్లగా కదులుతున్నాయి. కరవు తీర్చడానికి బలరాముడు నాగలితో నేలను చీలిస్తే పుట్టిన నది అని దీని కథ. లాంగలం అంటే నాగలి, లాంగుల్య అన్న పేరు అందుకే వచ్చిందంటారు. ఈ పాయను చూస్తే నమ్మలేం కానీ, 1876 వరదలో ఇదే నది ఇక్కడి వంతెన కమానులు ఆరింటిని ఊడ్చుకుపోయింది. ఒడిశా కొండల్లో కురిసి ఈ నదిలోకి దిగిన వానంతా ఈ ఒక్క దారినే సముద్రానికి చేరాలి మరి.

ఒకటి కాదు, ఆరు ఎలా పోయాయని అడిగాను. మామయ్య రెండు చేతులూ చాచి చూపించారు. కమాను తన బరువును కిందికే కాదు, పక్కలకూ నెడుతుంది. రెండు వైపుల నుంచి నెట్టుడు సమానంగా ఉన్నంతకాలం మధ్య స్తంభం నిలుస్తుంది. ఒక కమాను పోతే పక్కదాని నెట్టుడుకు ఎదురు ఉండదు, స్తంభం ఒరుగుతుంది, వరసగా మిగతావీ ప్రమాదంలో పడతాయి. స్తంభం కింద ఇసుకను వరద తోడేసినా అంతే. వాల్టా (రాష్ట్ర నీరు, భూమి, చెట్ల చట్టం) నిబంధనల్లో వంతెనలకు 500 మీటర్ల లోపు ఇసుక తవ్వకూడదని ఉన్నది ఇందుకే. బండెడు ఇసుకే కదా అనుకునేవాళ్లు ఒక్కసారి ఇక్కడ నిలబడి కిందికి చూడాలని నాకు గట్టిగా అనిపించింది.

తర్వాత ఆయన పిట్టగోడ పక్కన కూర్చున్నారు. వాన నీరు దిగే గొట్టం మూతి నిండా మట్టి, దండల దారాలు, ఒక ప్లాస్టిక్ సంచి. పక్కనే పగులులో జానెడు రావి మొక్క, లేత ఎర్రటి ఆకులతో ముచ్చటగా ఉంది. లాగితే పైభాగం మాత్రమే తెగి చేతికి వచ్చింది. "వేరు లోపలే ఉండిపోయింది. మళ్లీ వస్తుంది. ఏటా వానలకు ముందు ఒక మనిషి గునపం, చీపురు పట్టుకుని తిరిగితే చాలు. అది మానేస్తే తర్వాత కోట్లు పెట్టాలి" అన్నారు. పుల్లతో గొట్టాన్ని కెలుకుతుంటే ఆగి చూసిన ఒక ఆటో డ్రైవరు సీసాతో నీళ్లు పోశాడు. రెండో సీసాకు నీరు కిందికి దిగింది.

నది ఒడ్డున ఉమారుద్ర కోటేశ్వరాలయం తప్పక చూడండి. బలరాముడు ప్రతిష్ఠించిన లింగమని స్థలపురాణం. అరసవల్లి కంటే నాకు ఇక్కడే మనసు నిలిచింది. 1641 నాటి జామియా మసీదుకూ వెళ్లాం కానీ ఎండకు ఎక్కువసేపు ఉండలేకపోయాం. భోజనం మాత్రం మెస్సులోనే చేయండి. ఆవ పెట్టిన పనసపొట్టు కూర ఇంకోసారి అడిగి వేయించుకున్నాను.

బస్సు కోసం ఎదురుచూస్తూ మామయ్య నా నోటుపుస్తకం తీసుకుని, సంబంధిత ఇంజినీరు గారికి అర్జీ మొదలుపెట్టారు. "ఊరి వైపు నుంచి నాలుగో ఖానా (రెండు స్తంభాల మధ్య భాగం), ఎడమ పిట్టగోడ, రావి వేరు" అని రాసి, కింద గీత గీసి, ఫోనులో నేను తీసిన ఫొటో ఇంకోసారి చూపించమన్నారు.