టిఫా స్కాన్ తరువాత: ఒక ప్రసూతి ఆసుపత్రి కౌన్సెలింగ్‌పై సమీక్ష

టిఫా స్కాన్‌లో, అంటే గర్భంలోని శిశువు అవయవాలను వివరంగా చూసే స్కాన్‌లో, శిశువుకు లోపం ఉన్నట్టు తేలిన దంపతులకు హైదరాబాద్‌లోని ఒక ప్రైవేటు ప్రసూతి ఆసుపత్రి ఇచ్చే కౌన్సెలింగ్ గురించి ఈ సమీక్ష. మా చెల్లెలి గర్భంలోని శిశువుకు స్పైనా బిఫిడా ఉన్నట్టు, అంటే వెన్నెముక పూర్తిగా మూసుకోనట్టు, 20 వారాలు దాటాక తెలిసింది. ఆసుపత్రి పేరు మాత్రం రాయడం లేదు.

అన్నిటికంటే మెచ్చుకోవలసింది డాక్టరమ్మగారి మాటతీరు. ఇలాంటి సమయంలో చుట్టుపక్కల వినిపించేవి రెండే మాటలు: "తీయించేయండి, మళ్లీ కడుపు పండుతుంది" అనేది ఒకటి, "భ్రూణహత్య మహాపాపం" అనేది రెండోది. ఆవిడ ఈ రెండింటిలో ఏదీ అనలేదు. గర్భం తీయించాలనుకుంటే, అది ముదిరిన కొద్దీ బిడ్డ ప్రాణంతో బయటపడే అవకాశం ఉంటుంది గనుక, ముందుగానే బిడ్డ గుండె ఆగిపోయేలా ఇంజెక్షన్ ఇవ్వవలసి రావచ్చునని దాచకుండా చెప్పారు. 2023లో సుప్రీంకోర్టు ముందుకు వచ్చిన 26 వారాల గర్భం కేసులో ఎయిమ్స్ వైద్యులు లేవనెత్తిన ప్రశ్న కూడా ఇదే. తల్లి ప్రాణానికి తక్షణ ముప్పు గానీ, శిశువుకు తీవ్రమైన లోపం గానీ లేవంటూ కోర్టు అప్పుడు అనుమతి నిరాకరించింది.

తల్లి ప్రాణం కాపాడటానికి గర్భం తీయడం వేరు, పుట్టబోయే బిడ్డ వైకల్యాన్ని కారణంగా చూపి తీయడం వేరు అని ఆవిడ స్పష్టంగా విడదీశారు. మొదటి సందర్భంలో చట్టం వారాల గడువు కూడా చూడదు. రెండో సందర్భంలో 20 నుంచి 24 వారాల మధ్య ఇద్దరు వైద్యులు అంగీకరించాలి. కానీ చట్టం ఒప్పుకున్నంత మాత్రాన మనసు ఒప్పుకోవాలని లేదు. పిల్లల సర్జన్‌తో మాట్లాడాకే నిర్ణయానికి రమ్మని పంపడం ఈ సేవలోని అసలు విలువ. ఈ లోపంతో పుట్టినవారిలో కొందరు నడుస్తారని, కొందరికి చక్రాల కుర్చీ తప్పదని, మూత్రం విషయంలో జీవితాంతం జాగ్రత్తలు అవసరం కావచ్చునని, తలలో నీరు చేరితే మరో ఆపరేషన్ చేయవలసి ఉంటుందని ఆయన ఓపికగా వివరించారు.

చెల్లెలి అత్తగారు ఉత్తర గర్భంపై అశ్వత్థామ ప్రయోగించిన అస్త్రాన్ని గుర్తుచేశారు. అది పగతో చేసిన పని, ఇక్కడ ఎవరికీ పగ లేదు అని నాకు అనిపించింది గానీ, పగ లేనంత మాత్రాన ప్రాణం తీయడం న్యాయమవుతుందా అన్నది మిగిలే ఉంది. డాక్టరమ్మగారు ఆవిడను ఖండించలేదు. చెల్లెలి వైపు తిరిగి, "బిడ్డకు బాధ తప్పించాలనుకుంటున్నావా అమ్మా, మనకు బాధ తప్పాలనుకుంటున్నావా? రెండోదైనా తప్పని నేననను, కానీ ఈ రెండింటిలో ఏదో తెలుసుకుని రా" అన్నారు. కన్సల్టేషన్ ఫీజు ఎక్కువే అయినా, ఆ ఒక్క ప్రశ్నకు అది చెల్లిందని నా అభిప్రాయం.

కౌంటర్ దగ్గర మాత్రం అనుభవం చేదుగా ఉంది. భర్త సంతకం, పెద్దవాళ్ల సంతకం లేకుండా ఫైలు ముందుకు కదలదన్నారు. గర్భం తీయడానికి సంబంధించిన 1971 నాటి చట్టం ప్రకారం 18 ఏళ్లు నిండిన మానసిక స్వస్థత గల స్త్రీకి తన సమ్మతి ఒక్కటే చాలు. ఈ సంగతి చెప్పినా "మా రూల్ అంతే మేడమ్" అనే సమాధానమే వచ్చింది. అంతటి బరువైన నిర్ణయాన్ని మోయవలసింది ఆమే అని లోపలి గదిలో చెప్పి, బయట ఆమె సంతకానికి విలువ లేదనడం నాకు మింగుడుపడలేదు. పైగా హాలులో అందరి ముందు పేరుతో పాటు "టెర్మినేషన్ కేసు" అని పిలిచారు. ఆ చట్టానికి 2021లో చేసిన సవరణ తరువాత ఈ వివరాలను ఆసుపత్రి బయటపెట్టకూడదు. చెల్లెలు ఏం నిర్ణయించుకుందో నేనూ ఇక్కడ రాయను.

కౌన్సెలింగ్‌కు అయిదుకు అయిదు, కౌంటర్‌కు ఒకటి. వెళ్లేవారు స్కాన్ రిపోర్టు ప్రతులు దగ్గర ఉంచుకోండి. పిల్లల సర్జన్ అపాయింట్‌మెంట్ అదే రోజు అడగండి. భర్త సంతకం తప్పనిసరి అంటే ఆ నిబంధనను రాతపూర్వకంగా ఇమ్మనండి.