చొరబాటు జాతులపై పరిశోధన: ఒకే అడవిలో లోతుగానా, పది చోట్ల కలిసికట్టుగానా? ఏది మేలు?

బయటినుంచి వచ్చి అడవుల్లో పాతుకుపోయే మొక్కల మీద, పురుగుల మీద పని మొదలుపెట్టే ప్రతి బృందానికీ ఈ ప్రశ్న ఎదురవుతుంది. ఉన్న డబ్బుతో, ఉన్న మనుషులతో ఒకే అడవిని పట్టుకుని ఏళ్ల తరబడి చూడాలా, లేక వేరే దేశాల వాళ్లతో కలిసి చాలా చోట్ల ఒకే పద్ధతిలో కొలవాలా? నా ఓటు రెండోదానికే. అలాగని మొదటిదాన్ని తీసిపారేయలేం.

గార్లిక్ మస్టర్డ్ సంగతే చూడండి. యూరప్ నుంచి ఉత్తర అమెరికా అడవుల్లోకి చేరిన మొక్క ఇది. చెట్ల వేళ్లతో పొత్తు పెట్టుకుని బతికే శిలీంధ్రాలను ఇది దెబ్బతీస్తుందని, ఆ పొత్తు చెడిపోయి స్థానిక చెట్ల మొలకలు ఎదగలేకపోతున్నాయని 2006లో ఒక పరిశోధన చూపించింది. ఇలాంటివి మట్టి తెచ్చి, మొలకలు పెంచి, ఓపిగ్గా పరీక్షలు చేస్తేనే బయటపడతాయి, వంద చోట్ల తిరిగి మొక్కల లెక్క రాసుకున్నా 'ఎందుకు' అన్నదానికి జవాబు రాదు. ఇక్కడ లోతుగా చేసే పనిదే పైచేయి.

కానీ కథ అక్కడితో ఆగలేదు. 2009లో వేరే పరిశోధకులు, ఈ మొక్క కొత్తగా వచ్చిన చోట్లనూ ఎప్పుడో 50 ఏళ్ల కిందటే పాతుకుపోయిన చోట్లనూ పక్కపక్కన పెట్టి చూస్తే, పాత చోట్ల మొక్కల్లో శిలీంధ్రాలను దెబ్బతీసే విష రసాయనాల మోతాదు తక్కువగా ఉంది. అంటే కాలం గడిచేకొద్దీ మొక్కే మారుతోంది! ఒకే అడవిలో, అదీ మూడు నాలుగేళ్ల గ్రాంటుతో పనిచేసేవాళ్లకు ఈ మార్పు కనిపించే అవకాశమే లేదు. తాము చూసిందే అన్నిచోట్లా నిజమని నమ్మి, దాని మీదే అటవీ శాఖలకు సలహాలిచ్చే ప్రమాదం కూడా ఉంది.

పురుగుల విషయానికొస్తే నాకు అసలు సందేహమే లేదు. యాష్ అనే రకం చెట్లను తొలిచే ఎమరాల్డ్ యాష్ బోరర్ అనే పచ్చటి పెంకుపురుగు 2002లో అమెరికాలోని డెట్రాయిట్ దగ్గర దొరికింది. అదేమిటో అక్కడివాళ్లు తేల్చలేకపోతే, స్లొవాకియాలోని ఒక నిపుణుడు గుర్తుపట్టాడు. అప్పటికే అది వచ్చి ఏళ్లయింది. ఆ తర్వాత కోట్లాది యాష్ చెట్లు ఎండిపోయాయి. దాని పుట్టిల్లు తూర్పు ఆసియా, అక్కడి యాష్ చెట్లు దాన్ని చాలావరకు తట్టుకుంటాయి కాబట్టి దాని గురించి రాసిపెట్టినదీ తక్కువే.

దానికి శత్రువులెవరో వెతకాలంటే మరి ఎక్కడికెళ్లాలి? పుట్టింటికే. చైనా శాస్త్రవేత్తలతో కలిసి వెతికితే దాని గుడ్లనూ లార్వాలనూ (పిల్ల పురుగులనూ) చంపే మూడు రకాల చిన్న కందిరీగలు దొరికాయి, 2007లో డెట్రాయిట్ ఉన్న మిషిగన్ రాష్ట్రంలో వదిలారు. వాటిలో ఒకటి ఉత్తరాన నిలదొక్కుకోలేదు. ఇంకొకటి బాగా స్థిరపడింది గానీ గుడ్లు పెట్టే దాని సూది పొట్టిది, పెద్ద చెట్ల మందపాటి బెరడులోంచి లార్వా దాకా దిగదు. అప్పుడు రష్యా తూర్పు కొసన, చలి ఎక్కువగా ఉండే చోట దొరికిన, పొడవాటి సూది ఉన్న మరో కందిరీగను 2015 నుంచి వదలడం మొదలుపెట్టారు. ఎంత గొప్ప ల్యాబ్ అయినా, ఒక్క దేశంలో కూర్చుని ఈ పని చేయగలదా?

మూడో దారి కూడా ఉంది, మామూలు జనాన్ని కలుపుకోవడం. 2008లో అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రం వూస్టర్‌లో ఏషియన్ లాంగ్‌హార్న్డ్ బీటిల్ అనే, చెట్లను తొలిచే పెంకుపురుగును మొదట పట్టించింది ఆ ఊరి మనిషే. కొత్త పురుగు వచ్చిందని ముందుగా తెలియడానికి ఇంతకు మించింది లేదు. అయితే జనం పంపే ఫోటోలు వాళ్లు తిరిగే దారుల పక్కనుంచే ఎక్కువ వస్తాయి, లోపలి అడవి ఖాళీగా కనిపిస్తుంది. ఆ ఖాళీని చూసి అక్కడ ఏమీ లేదనుకుంటే మోసపోతాం.

కలిసి చేసే పని తేలికని నేను అనడం లేదు. ఒకరు మొక్కలు లెక్కపెడతారు, ఇంకొకరు నేలను ఎంత కప్పాయో శాతంలో రాస్తారు, చివర్లో రెండూ కలపలేక అందరికీ టెన్షన్. పైగా నమూనాలు ఒక దేశంవి, పరిశోధన పేపర్ మీద మొదటి పేరు ఇంకో దేశం వాళ్లది అయితే రెండోసారి ఎవరూ చేయి కలపరు, కలపకపోవడమే న్యాయం కూడా. అందుకే ఏం కొలవాలి, డేటా ఎవరి దగ్గర ఉండాలి, పేర్లు ఏ వరసలో రావాలి అన్నవి మొదటి మీటింగ్‌లోనే రాసుకోవాలి. పుట్టింటి దేశం వాళ్లు ఆ మీటింగ్‌లో ఉండాలి, నమూనాలు పంపమని ఆ తర్వాత ఈమెయిల్ పెట్టడం కాదు.

చేతిలో ఒకే గ్రాంటు ఉంటే నేనైతే ఇలా చేస్తాను: చాలా చోట్ల, ఒక మనిషి ఒక్క పూటలో ముగించగలిగేంత చిన్న కొలత ఒకటి పెట్టి, వాటిలో రెండు చోట్ల మాత్రం మట్టి దాకా తవ్వి చూస్తాను. ఆ రెండింటిలో ఒకటి ఆ జాతి పుట్టిన చోటే అయ్యుండాలి.