డెత్ స్టార్ ప్లేసెట్: నాకైతే ఆ చెత్త గది ఒక్కటి చాలు

బొమ్మల కంపెనీ కెన్నర్ వాళ్లు 1978లో తెచ్చిన డెత్ స్టార్ ప్లేసెట్, అంటే స్టార్ వార్స్ సినిమాలోని విలన్ల అంతరిక్ష కోటను బొమ్మలతో ఆడుకునేలా చేసిన సెట్, దాని గురించి ఎవరు మాట్లాడినా నాలుగు అంతస్తులు, లిఫ్టు, పైన ఫిరంగి అంటూ మొదలుపెడతారు. అవన్నీ బాగానే ఉంటాయి, కాదనను. నేను మాత్రం ఇన్నేళ్లుగా దీన్ని దాచుకున్నది అడుగున ఉన్న చెత్త గది కోసం. సినిమాలో హీరోలు చెత్తలో పడ్డాక గోడలు దగ్గరికి జరుగుతుంటే కేకలు పెడతారే, అదే గది.

లోపల రంగురంగుల స్పాంజి ముక్కలు, వాటి మధ్య నక్కి ఉండే డయానోగా అనే చెత్తలోని రాక్షసి బొమ్మ. ల్యూక్‌నీ లేయానీ (ఆ హీరోల బొమ్మలే) అందులో పడేసి మర తిప్పితే గోడ కొంచెం కొంచెంగా ముందుకు వస్తుంది. వాళ్లను ఎంత భయపెట్టాలో, ఎక్కడ వదిలేయాలో మనిష్టం. బ్యాటరీ లేదు, శబ్దం లేదు, కేకలు కూడా మనమే పెట్టుకోవాలి. చిన్నప్పుడు నా ఆటలో ల్యూక్ కంటే విలన్ వేడరే ఎక్కువగా చెత్తలో పడేవాడు. కథ ప్రకారం తప్పే, కానీ వాడికి అలాగే కావాలి.

ఇదంతా కుదిరింది బొమ్మల కొలత వల్ల. 1964లో వచ్చిన సైనికుడి బొమ్మ జి.ఐ. జో దాదాపు 12 అంగుళాలు. ఆ లెక్కన చేస్తే సినిమాలో హీరోల ఓడ మిలీనియం ఫాల్కన్ పెట్టడానికి ఒక గది ఖాళీ చేయాల్సి వచ్చేది. స్టార్ వార్స్ బొమ్మలను 3.75 అంగుళాల దగ్గర ఆపారు కాబట్టే ఓడల్లో కూర్చున్నాయి, చెత్త గదిలోనూ పట్టాయి. మెడ, రెండు భుజాలు, రెండు తొడలు, అంతే కదిలేవి. మోకాలు వంగదు. దాన్ని లోపమని చాలాకాలం అనుకున్నాను. తర్వాత ఒక కంపెనీ వారి కొత్త బొమ్మలు కొన్నాను, ఒంటినిండా కీళ్లే. గోడ తగలకముందే మడమ వదులై పడిపోతాయి. పాతవి కర్రల్లా బిగుసుకుని గోడకు ఎదురు నిలబడతాయి.

ఇక స్పాంజి సంగతి. గాలికీ తేమకూ ఈ రకం ఫోమ్ ఏళ్లు గడిచేకొద్దీ పెళుసైపోతుంది. ఒకరోజు చూస్తే ముక్కల స్థానంలో రంగు పొడి మిగిలింది. అచ్చం పాతవాటిలాంటివే అని రాసి ఉంటే ఆన్‌లైన్‌లో ఒకరి దగ్గర తెప్పించాను. చూడ్డానికి నిజంగానే బాగున్నాయి. కొన్ని నెలలకు ఎర్ర ముక్కల రంగు స్టార్మ్‌ట్రూపర్ (విలన్ల సైనికుడు) తెల్ల చేతికి ఎక్కేసింది. సబ్బుతో పోలేదు, స్పిరిట్‌తోనూ పోలేదు. ఫొటోలు పంపితే, అవి ఆడుకోవడానికి కాదండీ, షోకి మాత్రమే అని జవాబు. షోకేసులో చెత్త పెట్టుకునేవాళ్లు కూడా ఉంటారన్నమాట!

విచిత్రమేమిటంటే, అదే పార్సెల్‌లో దెబ్బ తగలకుండా పెట్టిన బూడిదరంగు ఫోమ్ ఈ పనికి భలే పనికొచ్చింది. కత్తెరతో ముక్కలు చేసి వేశాను. గట్టి సరుకు కాబట్టి గోడ చివరిదాకా రాదు. కానీ మర వెనక్కి తిప్పగానే నొక్కుకుపోయిన ముక్కలన్నీ ఒక్కసారి ఉబికి ల్యూక్‌ను పైకి తోసేశాయి. పాత స్పాంజి ఏనాడూ ఇలా చేయలేదు. ఆ సాయంత్రం వేరే పని ముట్టుకోలేదు.

లిఫ్టు, ఫిరంగి బాగుంటాయన్నాను గానీ, నేను వాటిని కదిపి చాలా కాలమైంది. అట్ట భాగాలు కూడా తేమకు కాస్త వంగాయి, ఇంత వయసున్న అట్ట ఎవరింట్లోనైనా వంగుతుంది.

కొనమంటారా అని అడిగితే సూటిగా చెప్పలేను. నాది చిన్నప్పటి నుంచీ ఉన్నదే, కొత్తగా డబ్బు పెట్టలేదు, పైగా ఇలాంటివి బాగుచేసుకోవడం నాకు సరదా. అద్దాల బీరువాలో పెట్టి చూసుకునేవారికి ఫాల్కనే అందం. పసిపిల్లలు తిరిగే ఇల్లయితే బొమ్మల చిన్న తుపాకులు, కత్తులు బయట ఉంచకండి, నోట్లో పెట్టుకుంటారు. పాత సెట్ బేరం చేస్తుంటే లిఫ్టు గురించి తర్వాత, ముందు డయానోగా ఉందా, మర తిరుగుతోందా అని అడగండి. స్పాంజి లేకపోయినా పర్వాలేదు, ఏదో ఒక పార్సెల్ వస్తూనే ఉంటుంది.