ఎయోర్జియాలో కొత్త మకాం: మూడు పట్టణాలు, బసలు, రాకపోకలు

ఎయోర్జియా అనే ఊహాభూమిలో నడిచే ఆన్‌లైన్ ఆట ఫైనల్ ఫాంటసీ 14 ఆడదామని కూర్చున్నవాళ్ళందరూ కత్తి పట్టాలా, బాణం పట్టాలా, మంత్రాలు నేర్చుకోవాలా అని గంటలు గంటలు ఆలోచిస్తారు. నన్నడిగితే ఏ ఊళ్ళో దిగాలో ముందు తేల్చుకోండి. ఎందుకంటే ఇక్కడ మీరు ఎంచుకున్న క్లాసే, అంటే పోరాట విద్యే, మీ ఊరిని నిర్ణయిస్తుంది. విలుకాడు, బల్లెం వీరుడు, వైద్యం నేర్చే కాంజురర్ అయితే అడవి మధ్య ఉన్న గ్రిడానియాలో దిగుతారు. కత్తీ డాలూ, ముష్టియుద్ధం, నిప్పు మంత్రాలు అయితే ఎడారి పట్టణం ఉల్దా. గొడ్డలి గానీ ఆర్కనిస్ట్ మంత్రాల పుస్తకం గానీ పట్టుకుంటే ఓడరేవు లిమ్సా లొమిన్సా. తరవాత ఒకే మనిషితో అన్ని విద్యలూ నేర్చుకోవచ్చు కాబట్టి విద్య గురించి అంత టెన్షన్ అక్కర్లేదు. మొదటి పదిహేను లెవెళ్ళూ తిరిగే వీధులు మాత్రం ఆ ఊరివే.

టికెట్ సంగతి. నేను ఉచిత ట్రయల్ మీదే వెళ్ళాను. పేరుకి ట్రయల్ గానీ, అసలు కథ, దాని తరవాత అదనపు భాగాలుగా 2015లో వచ్చిన హెవెన్స్‌వర్డ్, 2017లో వచ్చిన స్టార్మ్‌బ్లడ్ మొత్తం 70వ లెవెల్ దాకా అందులోనే ఉన్నాయి. రోజుల లెక్క లేదు. షరతులు మాత్రం ఉన్నాయి. నేను వెళ్ళినప్పటి నిబంధనల ప్రకారం జేబులో 3,00,000 గిల్‌కి (ఆటలోని డబ్బు) మించి ఉంచుకోలేం, సంతలో కొనలేం, అమ్మలేం, వీధిలో గట్టిగా అరిచి పిలవలేం, సొంతంగా పార్టీ (గుంపు) కట్టలేం. ఎవరైనా పిలిస్తే చేరొచ్చు. ఒకసారి డబ్బు కట్టి పూర్తి ఆట కొంటే ఆ అకౌంట్ మళ్ళీ ట్రయల్‌కి రాదు. కాబట్టి ఆఫర్ కనపడగానే కొనెయ్యకండి. ఊళ్ళు తెలుసుకోవడానికి, పని నేర్చుకోవడానికి ట్రయల్ ధారాళంగా సరిపోతుంది.

మన దేశంలో దీనికి సర్వర్ లేదు. జపాన్, అమెరికా, యూరప్, ఆస్ట్రేలియా వైపు ఉన్నవాటిలో ఏదో ఒకటి పట్టుకోవాలి. దూరం వల్ల ఆలస్యం ఉంటుంది గానీ, ఈ ఆటలో ఒక ప్రధాన దెబ్బకీ మరో దెబ్బకీ మధ్య దాదాపు 2.5 సెకన్ల విరామం ఉంటుంది. తుపాకీ ఆటల్లోలాగా క్షణంలో ప్రాణం పోదు. అసలు చూసుకోవాల్సింది గడియారం. జపాన్ వాళ్ళ రాత్రి సందడి మనకి సాయంత్రం నాలుగున్నర నుంచి ఏడున్నర మధ్య పడుతుంది, అంటే మనం ఆఫీసులోనో ట్రాఫిక్‌లోనో ఉంటాం. అమెరికా తూర్పు తీరం వాళ్ళు భోంచేసి కూర్చునే వేళకి మనకి తెల్లవారుతుంది. లండన్‌లో ఉన్న మా పిన్ని కొడుకు యూరప్ సర్వర్లో ఆడతాడు, నేనూ అక్కడే చేరాను. వాడికి వేసవిలో రాత్రి ఏడైతే నాకు పదకొండున్నర. మర్నాడు ఉద్యోగం ఉన్నవాళ్ళకి ఇది మంచి బేరం కాదని ముందే చెబుతున్నా. కానీ తెలిసినవాడు ఒకడుంటే కొత్త ఊళ్ళో సగం భయం పోతుంది.

గ్రిడానియా ముగ్గురిలోకీ నెమ్మదస్తురాలు. పెద్ద చెట్లు, నీటి చక్రాలు, చెక్క వంతెనలు, ఎటు చూసినా నీడ. ఊరు కొత్త, పాత అని రెండు భాగాలు. మొదట్లో దారి తప్పినా నష్టం లేదు, ఎందుకంటే సంఘాలు, దుకాణాలు అన్నీ నడిచే దూరంలోనే ఉంటాయి. జనం మాత్రం తక్కువ, ఉన్నవాళ్ళలో చాలామంది మనలాంటి కొత్తవాళ్ళే. ఇక్కడి గ్రామస్తులు పరాయివాళ్ళని అనుమానంగా చూస్తారు, అడవి ఆత్మలకి కోపం వస్తుందని ప్రతి దానికీ భయపడతారు. కథ మొదట్లో కొంచెం సాగుతుంది. కంటికి చల్లగా, చేతికి పని తేలిగ్గా ఉంటే చాలనుకునేవాళ్ళకి ఇదే నా ఓటు.

ఉల్దా నాకు నచ్చింది, కానీ కొత్తవాళ్ళకి సిఫారసు చెయ్యను. గుండ్రటి గోడల లోపల రెండు అర్ధచంద్రాల్లా వీధులు ఉంటాయి. మ్యాప్‌లో పక్కనే కనపడే దుకాణానికి చుట్టూ తిరిగి వెళ్ళాలి. కథ పరంగా చూస్తే ముగ్గురిలోకీ ఇదే గట్టి ఊరు. సింహాసనం మీద సుల్తానా ఉన్నా పెత్తనమంతా వర్తకుల సిండికేట్‌దే. కోట గుమ్మం బయట 'అలా మిగో' అనే రాజ్యం నుంచి వచ్చిన శరణార్థులు చాపలేసుకుని పడి ఉంటారు, లోపల నగల దుకాణాలు ధగధగలాడతాయి. ఆ తేడాని ఆట దాచిపెట్టదు. తరవాత వచ్చే పెద్ద మలుపులకి విత్తనాలు ఈ వీధుల్లోనే ఉన్నాయి. 15వ లెవెల్ దాటితే జూదం, పందేల ఊరు గోల్డ్ సాసర్‌కి దారి కూడా ఇక్కడి నుంచే. పగలంతా పసుపు ఎండ, రాత్రి దీపాలు. రాత్రిపూట ఉల్దా చాలా బాగుంటుంది.

లిమ్సా లొమిన్సా సముద్రంలో నిలబడ్డ తెల్లరాతి బురుజుల మీద కట్టిన ఊరు. ఒకప్పుడు ఓడల దొంగలుగా బతికినవాళ్ళు ఇప్పుడు అడ్మిరల్ మెర్ల్‌విబ్ మాట వింటూ, లోపల్లోపల గొణుక్కుంటూ ఉంటారు. మా తమ్ముడు రోజూ ఇదే పాట: "అన్నా, ఇంకా ఆ ఎడారిలోనే ఉన్నావా? లిమ్సాకి వచ్చెయ్, అందరం ఇక్కడే." నిజమే, జనమంతా ఇక్కడే. కారణం అందం కాదు, సౌకర్యం. మంత్రంతో ఊళ్ళోకి వచ్చినవాళ్ళు దిగే చోటు ఈథరైట్ అనే పెద్ద స్ఫటికం. దాని పక్కనే సంత బోర్డు, సరుకు దాచే పనివాళ్ళని పిలిచే గంటలు, అన్నీ పది అడుగుల్లో ఉంటాయి. ఆ చౌకులో ఎప్పుడు చూసినా జనం నిలబడే ఉంటారు. ఒకడు రాజుగారిలా తయారై వస్తాడు, ఒకడు కప్ప వేషంలో గెంతుతుంటాడు, ఇంకో పక్క నలుగురు కలిసి వాయిద్యాలు వాయిస్తుంటారు. కబుర్లకి ఇంతకంటే మంచి చోటు లేదు. పై అంతస్తుకీ కింది అంతస్తుకీ మధ్య లిఫ్టు ఎక్కడుందో కనుక్కోవడానికి మాత్రం ఓపిక కావాలి.

మొదట్లో పడ్డ ఊరు నచ్చలేదని ఆట మానెయ్యకండి. 15వ లెవెల్ దగ్గర కథే మిమ్మల్ని దూతగా ఎయిర్‌షిప్ ఎక్కించి మిగతా రెండు పట్టణాలకీ పంపిస్తుంది. అప్పుడు మూడూ చూసుకుని మకాం మార్చుకోవచ్చు.

బసల విషయానికొస్తే, ప్రతి ఊళ్ళోనూ సాహసికుల సంఘం ఉండే పెద్ద భోజనశాలలోనే సత్రం గది కూడా. లిమ్సాలో డ్రౌనింగ్ వెంచ్‌లో మిజ్జెన్‌మాస్ట్, గ్రిడానియాలో కార్లీన్ కానపీలో రూస్ట్, ఉల్దాలో క్విక్‌శాండ్‌లో అవర్‌గ్లాస్. కథ కొంచెం ముందుకి సాగాక తలుపు తెరుచుకుంటుంది, అద్దె లేదు. గదిలో మంచం, దుస్తుల బీరువా, అయిపోయిన కథా సన్నివేశాలు మళ్ళీ చూసుకోవడానికి ఒక పుస్తకం ఉంటాయి. లేటుగా కూర్చుని కథ సగం నిద్రలో చూసినవాళ్ళకి ఆ పుస్తకం వరం. గది నుంచి సముద్రం కనపడేది లిమ్సాలోనే, నా మొదటి మార్కు దానికే.

అయితే విశ్రాంతి కోసం సత్రానికి పరిగెత్తక్కర్లేదు. ఆట నుంచి బయటికి వచ్చేటప్పుడు ఏ ఊరి స్ఫటికం దగ్గరైనా, లెవెల్ పెరగడానికి కావాల్సిన అనుభవాన్ని చూపే గీత పక్కన నెలవంక గుర్తు కనపడే చోట ఆపితే చాలు. మీరు లేని సమయమంతా విశ్రాంతిగా జమవుతుంది, తిరిగొచ్చాక శత్రువుల్ని కొడితే అనుభవం సగం ఎక్కువ వస్తుంది. అడవి మధ్యలో ఆపేసి పడుకుంటే అదేమీ ఉండదు.

భోజనశాలలో స్మిత్ అనే ఒకాయన నిలబడి ఉంటాడు, పెద్దగా ఎవరూ పట్టించుకోరు. 15వ లెవెల్‌కి ఆయన దగ్గరికి వెళ్ళండి. గుంపులో ఎలా నడుచుకోవాలో చిన్న చిన్న పాఠాలు చెప్పించి, పూర్తి చేసినందుకు బట్టలు, ఒక ఉంగరం ఇస్తాడు. ఆ ఉంగరం పెట్టుకుంటే 30వ లెవెల్ దాకా అనుభవం 30 శాతం ఎక్కువ వస్తుంది. ఈ ఊళ్ళలో ఉచితంగా దొరికే సేవల్లో దీనికి సాటి లేదు. ఏదైనా తింటే అరగంట సేపు 3 శాతం అదనం, కాబట్టి చౌక తిండి సంచీలో పెట్టుకోండి. ఖరీదైన వంటకాల జోలికి ఇప్పుడే వెళ్ళక్కర్లేదు.

కొత్తవాళ్ళ డబ్బు నిజంగా ఖర్చయ్యేది ప్రయాణాలకే. ఏ ఊరికి వెళ్ళినా ముందు అక్కడి ఈథరైట్‌ని ముట్టుకోండి, ఆ తరవాతే మిగతా పని. ముట్టుకున్న ఊరికి ఎక్కడి నుంచైనా ఎగిరి రావచ్చు, దూరాన్ని బట్టి గిల్ పోతుంది. మొదట్లో జేబులో ఉండేదానికి ఆ ఛార్జీ కాస్త గట్టిగానే తగులుతుంది. పట్టణం లోపలి చిన్న స్ఫటికాల మధ్య తిరగడం మాత్రం పూర్తిగా ఉచితం. సొంత ఊరుగా పెట్టుకున్న చోటికి, ఇష్టమైనవిగా గుర్తుపెట్టుకున్న చోట్లకి సగం ధరే. అకౌంట్‌కి వన్‌టైమ్ పాస్‌వర్డ్ యాప్ పెట్టుకున్నవాళ్ళకి ఒక ఊరికి పూర్తిగా ఉచితం. దొంగల నుంచి రక్షణా, బస్ పాసూ రెండూ ఒకేసారి దొరుకుతుంటే ఎందుకు వదులుకోవాలి? రిటర్న్ అనే మంత్రం పైసా ఖర్చు లేకుండా సొంత ఊరికి చేరుస్తుంది, కాకపోతే పావుగంటకి ఒకసారే. నేను వెళ్ళేటప్పుడు డబ్బిచ్చి, వచ్చేటప్పుడు రిటర్న్ వాడతాను.

రాకపోకల్లో అన్నిటికన్నా విసుగు పుట్టించేది వెస్పర్ బే. కథ అక్కడున్న ఒక రహస్య కార్యాలయానికి మిమ్మల్ని పదే పదే రమ్మంటుంది, తీరా చూస్తే ఆ రేవులో ఈథరైట్ లేదు. హొరైజన్‌లో దిగి పరిగెత్తాలి. పాత ఆటగాళ్ళు ఇప్పటికీ దీని మీద జోకులేస్తారు. లిమ్సా కింది అంతస్తు రేవు నుంచి పడవ ఎక్కితే నేరుగా అక్కడే దిగుతారు.

20 లెవెల్ దాటాక మూడు సైన్యాల్లో ఒకదాంట్లో చేరమంటారు: లిమ్సాది మేల్‌స్ట్రామ్, గ్రిడానియాది ట్విన్ యాడర్, ఉల్దాది ఇమ్మోర్టల్ ఫ్లేమ్స్. ఏది ఎంచుకున్నా కొంపలేమీ మునగవు. చేరితే సొంత చొకోబో వస్తుంది, కోడిపుంజు గుర్రమంత పెరిగితే ఎలా ఉంటుందో అలా ఉంటుంది. అది వచ్చాక అద్దె పక్షులతో పని లేదు. గరుడ అని పేరు పెడదామనుకున్నా, కానీ ఈ లోకంలో గరుడ అంటే గాలిని శాసించే క్రూరురాలు. 44 లెవెల్ దాకా వెళ్తే ఆమెతోనే యుద్ధం చెయ్యాలి. మన పురాణాల్లోని గరుత్మంతుణ్ణి గుండెల్లో పెట్టుకుని వెళ్తే కాస్త ఇబ్బందే.

ఇక మనుషులు. కొత్తవాళ్ళ పేరు పక్కన చిన్న మొలక గుర్తు ఉంటుంది. సిగ్గుపడి దాన్ని తీసేయకండి. మొదటి గుహ సాస్టాషా, నలుగురు కలిసి వెళ్ళాలి: ముందు నిలబడి దెబ్బలు కాసేవాడు ఒకడు, వైద్యం చేసేవాడు ఒకడు, కొట్టేవాళ్ళు ఇద్దరు. లోపల మూడు రంగుల పగడాలుంటాయి, ఏది నొక్కాలో నెత్తుటి మరకలున్న ఒక చీటీలో రాసి ఉంటుంది. నేను దాన్ని చదువుతుంటే మిగతా ముగ్గురూ కదలకుండా ఆగారు. "నిదానంగా చదువుకో" అని ఒకాయన రాశాడు కూడా.

వాళ్ళ మంచితనాన్ని తక్కువ చెయ్యడం లేదు గానీ, దీని వెనక ఒక ఏర్పాటు ఉంది. మొదటిసారి వచ్చినవాడు గుంపులో ఉంటే అందరికీ అదనపు బహుమతి వస్తుంది. పాతవాళ్ళు రోజూ ఏదో ఒక పాత గుహకి వెళ్ళేలా ఆట వేరే బహుమతులు కూడా పెట్టింది. అందుకే పదేళ్ళ పైబడిన ఆటలో మొదటి గుహకి ఇప్పటికీ మనుషులు దొరుకుతారు. కొట్టేవాళ్ళు ఎక్కువ కాబట్టి ఆ పని ఎంచుకుంటే క్యూలో ఎక్కువ సేపు ఆగాలి, వైద్యుడికో డాలు పట్టేవాడికో పిలుపు త్వరగా వస్తుంది. మనుషులతో మాట్లాడాలంటే బెరుకు ఉన్నవాళ్ళు కథలో వచ్చే గుహలకి డ్యూటీ సపోర్ట్‌లో ఆటలోని పాత్రలనే తోడు తీసుకెళ్ళొచ్చు. వాళ్ళు తిట్టరు, తొందరపెట్టరు, కాకపోతే నెమ్మది. నేను వైద్యం నేర్చుకునేటప్పుడు కొత్త గుహని ముందు వాళ్ళతో చూసి, తరవాత మనుషులతో వెళ్ళేవాణ్ణి.

ఇల్లు సంగతి చాలామంది అడుగుతారు. ట్రయల్లో ఆ ఆలోచన పెట్టుకోకండి. అతి చిన్న అపార్ట్‌మెంట్ గదే 5,00,000 గిల్, మీ జేబు పరిమితి 3,00,000. పైగా 50వ లెవెల్, సైన్యంలో హోదా కావాలి. స్థలాలైతే లాటరీలో పేరు వేసుకోవాలి, గెలిచి కట్టుకున్నాక 45 రోజులు గడప తొక్కకపోతే కూల్చేస్తారు. సంక్రాంతికి ఊరెళ్ళి, ఆ తరవాత పెళ్ళిళ్ళ సీజన్లో పడి మర్చిపోయేవాళ్ళకి ఇది సరిపడే కాపురం కాదు. 2021 చివర్లో వచ్చిన అదనపు భాగం ఎండ్‌వాకర్‌లో థావ్‌నైర్ అనే దీవి ఉంది. మన వాసనలు బాగా ఉన్న చోటు, ఏనుగు ముఖాల మనుషులు, వృత్ర అనే డ్రాగన్, రంగురంగుల బజార్లు. అక్కడికి పోవాలంటే ట్రయల్ సరిపోదు, డబ్బు కట్టాలి. నేను ఇంకా హెవెన్స్‌వర్డ్‌లోని మంచు పట్టణం ఇష్‌గార్డ్‌లోనే ఉన్నాను, కట్టలేదు.