ఐరిష్ స్టెప్ డాన్స్ ప్రాథమిక వీడియో కోర్సు: పాఠం బాగుంది, నేల సంగతే మరిచారు

కడపలో శాస్త్రీయ నృత్యం నేర్పే గురువులు ఉన్నారు, సినిమా పాటలకు అడుగులు వేయించే శిక్షణ కేంద్రాలకూ కొదవ లేదు. ఐర్లాండు దేశపు పాదాల నాట్యమైన ఐరిష్ స్టెప్ డాన్స్ నేర్చుకుందామనుకున్న మాకు మాత్రం ఈ ఆన్‌లైన్ కోర్సే దిక్కయింది. కూచిపూడిలో కొంత పునాది ఉన్న మా అక్క కూతురు, ఏ నాట్యమూ రాని నేను కలిసి దీనిని మొదటి పాఠం నుంచి చివరి వరకు సాధన చేశాము. పాదాల పని నేర్పడంలో ఇది నిస్సందేహంగా మంచి కోర్సు. అయితే ఎలాంటి నేల మీద ఎగరాలో చెప్పకుండానే ఎగిరించడం దీని పెద్ద లోపం, అది కడప ఇళ్లలో ఉండేవారికి మరీ పెద్దది.

ముందుగా మంచి చెప్పుకోవాలి. మొదటి పాఠమంతా నిలబడటం గురించే ఉంటుంది: వెన్ను నిటారుగా, చేతులు ఒంటికి ఆనుకుని, పిడికిళ్లు బిగించకుండా మూసి, పాదాలు బయటికి తిప్పి ఒకదాని ముందు ఒకటి అడ్డంగా ఉంచి, మడమలెత్తి మునివేళ్ల దగ్గరి మెత్తటి భాగం మీద బరువు నిలపాలి. చూడటానికి ఏమీ చేయనట్టే ఉండే ఈ నిలుపులో పిక్కలు ఎంత శ్రమిస్తాయో చేస్తే గాని తెలియదు. తరువాత ‘థ్రీస్’, అంటే ఒక చిన్న ఎగురు వెనుక వచ్చే మూడు అడుగులు, ఆపైన పక్కకు సాగే ‘సెవెన్స్’ నేర్పుతారు. కుడివైపు వెళ్లేటప్పుడు కుడి పాదం ముందు, ఎడమ పాదం వెనుక ఉండి, ఏడు లెక్కలు పూర్తయ్యేవరకు ఆ వరుస మారకూడదు. సెవెన్స్ ముగిశాక ఉన్నచోటనే రెండు థ్రీస్ వేసి, అదంతా మళ్లీ ఎడమవైపు చేస్తే సంగీతంలో ఎనిమిది బార్లు (తాళపు ఆవర్తాలు) నిండుతాయి. ఒక కాలితో చేసినదానిని రెండో కాలితోనూ చేసి తీరాలన్న నియమాన్ని శిక్షకురాలు ఎక్కడా సడలించదు. ప్రతి అడుగును ముందు నుంచే కాక వెనుక నుంచి కూడా చిత్రీకరించడం వల్ల కుడి ఎడమల గందరగోళం రాదు, ఈ ఒక్క ఏర్పాటుకే సగం డబ్బు గిట్టుబాటయిందనిపించింది.

తాళం విషయంలో మనవారికి అంత కష్టం ఉండదు. ఈ నాట్యపు బాణీల్లో రీల్ 4/4 తాళంలో, లైట్ జిగ్ 6/8లో, స్లిప్ జిగ్ 9/8లో నడుస్తాయని కోర్సు చాలా సేపు వివరిస్తుంది కానీ, తకధిమి, తకిట విన్న చెవికి అంత వివరణ అక్కరలేదు. జిగ్‌ను రెండు తకిటలుగా, స్లిప్ జిగ్‌ను మూడు తకిటలుగా మా అక్క కూతురు వెంటనే పట్టుకుంది. ఆమెకు అసలు ఇబ్బంది శరీరంతో వచ్చింది. అరమండిలో మోకాళ్లు వంచి పాదం మొత్తం నేలకు తాకించడం అలవాటైన కాళ్లకు, నిటారుగా నిలిచి చప్పుడు లేకుండా మునివేళ్ల మీద దిగడం వింతగా ఉంటుంది. చేతుల సంగతి చెప్పనే అక్కరలేదు. హస్తముద్రలు నేర్చిన పిల్ల వాటిని ఊరికే వేలాడదీయడాన్ని శిక్షగానే భావించింది. వేరే నాట్యం నుంచి వచ్చేవారి కోసం ఒక చిన్న పాఠమైనా పెట్టి ఉండవలసింది.

ఇక నేల గురించి. మా ఇంట్లో, ఈ ఊళ్లోని ఎన్నో ఇళ్లలో ఉన్నట్టే, పరిచినవి కడప బండలు. వేసవిలో పడుకోవడానికి వాటిని మించిన సుఖం లేదు కానీ, ఎగిరి దిగినప్పుడు అవి ఏ మాత్రం ఒదగవు. దెబ్బంతా తిరిగి మడమలకు, మోకాలి కింద ముందువైపు ఎముకకు తగులుతుంది. పదే పదే ఎగరడమే ప్రాణంగా ఉన్న ఈ నాట్యానికి కొంచెం ఒదిగే చెక్క నేల కావాలి. విచిత్రమేమిటంటే, పూర్వం ఐర్లాండు పల్లెల్లో ఇంటి తలుపు ఊడదీసి నేల మీద పరిచి దానిపై నాట్యం చేసేవారని చరిత్ర పాఠంలో ఈ కోర్సే ముచ్చటగా చెబుతుంది, కానీ నేర్చుకునేవారికి అందులోని ఉపయోగం చెప్పదు. మేము 8 అడుగుల పొడవు, 4 అడుగుల వెడల్పు ఉన్న దళసరి ప్లైవుడ్ షీటు తెచ్చి, కింద రబ్బరు చాపలు పరిచి వాడుకున్నాము. సెవెన్స్‌కు పొడవు వైపు సరిపోతుంది, ముందుకు సాగే అడుగులకు మాత్రం కొంచెం కుదించుకోవాలి. మేడ మీద ఉండేవారు కింది వాటాలోని వారితో ముందే ఒక మాట చెప్పుకోవడం మేలు.

ఆ చరిత్ర పాఠం మిగతా విషయాల్లో క్లుప్తంగా, చక్కగా ఉంది: ఐరిష్ భాషా సంస్కృతుల పునరుద్ధరణకు 1893లో ఏర్పడిన గేలిక్ లీగ్ ఈ కళకు ఇచ్చిన ఊపు, 1994 యూరోవిజన్ పాటల పోటీ విరామంలో ‘రివర్‌డాన్స్’ ప్రదర్శన తెచ్చిన ప్రపంచ ఖ్యాతి, ఇవన్నీ వచ్చాయి. చేతులు కదపకపోవడానికి మతగురువుల ఆంక్షలే కారణమని తేల్చేయడం మాత్రం నాకు నచ్చలేదు. అది ప్రచారంలో ఉన్న పలు కథల్లో ఒకటే తప్ప రుజువైన సంగతి కాదు. పాదరక్షల విషయంలో తొందర వద్దు. తాళ్లతో కట్టుకునే మెత్తటి తోలు ‘గిల్లీలు’ ఈ స్థాయికి తప్పనిసరి కావు, ఆన్‌లైన్‌లో దొరికే బాలే చెప్పులతో పని జరుగుతుంది. వట్టి మేజోళ్లతో ప్లైవుడ్ మీద చేస్తే జారిపడే ప్రమాదం ఉంది.

వీడియోలు చూసి నేర్చుకునేటప్పుడు మన తప్పులు ఎత్తిచూపేవారు ఉండరు; పాదాలు అడ్డంగా దాటడం ఎక్కడ సడలిందో, భుజాలు ఎప్పుడు ఊగాయో మనకు మనం చూసుకోలేము. అదనపు రుసుముతో మన వీడియో పంపితే శిక్షకురాలు చూసి సరిదిద్దే సదుపాయం ఉంది. సెవెన్స్ పాఠం అయిన వెంటనే ఒకసారి దానిని వాడుకోవాలని నా సలహా, ఎందుకంటే ఆ తరువాతి పాఠాలన్నీ దాని మీదే నిలబడతాయి. అడుగుభాగం గట్టిగా ఉండే బూట్లతో చేసే తరువాతి స్థాయికి ఇప్పుడే కలిపి చెల్లిస్తే రాయితీ ఇస్తామంటారు కానీ, ఇంట్లో చెక్క నేల అమరేవరకు ఆ డబ్బు కట్టకండి.