కలగూరగంప కార్బైన్: ఎం1తో కొన్నేళ్లు

ఎం1 కార్బైన్ అంటే రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికా సైన్యం వాడిన పొట్టి, తేలిక రైఫిల్. నా దాని రిసీవర్ (మిగతా పార్టులన్నీ బిగించే నడిమి భాగం) మీద తయారీ కంపెనీ పేరు ఇన్‌లాండ్ అని ఉంటుంది. బ్యారెల్ (గొట్టం) మీద అండర్‌వుడ్, 1943. ట్రిగ్గర్ హౌసింగ్ రాక్-ఓలాది, బోల్ట్‌ని ముందుకీ వెనక్కీ నడిపే స్లైడ్ ఐబీఎంది, తూటాని లోపలికి తోసి మూసే బోల్ట్ వించెస్టర్‌ది. బ్యారెల్ మూతి దగ్గర సన్న అక్షరాలతో దిగుమతి ముద్ర కూడా ఉంది. అంటే అమెరికాలో పుట్టి, వేరే దేశం సైన్యానికి వెళ్లి, మళ్లీ పుట్టింటికి చేరిందన్నమాట. ఇలా తలా ఒక కంపెనీ పార్టులు కలిసిన దాన్ని ఇక్కడ టెక్సాస్ గన్ షోల్లో ‘మిక్స్‌మాస్టర్’ అంటారు. కలెక్టర్లు చేత్తో పట్టుకుని చూసి, పెదవి విరిచి, పక్క టేబుల్‌కి వెళ్లిపోతారు. అందుకే నాకు అందుబాటు ధరలో దొరికింది. కాల్చడానికి కొనేవాళ్లు వెతకాల్సింది ఇలాంటి తుపాకీనే అని కొన్నేళ్లు వాడాక ధైర్యంగా చెప్పగలను.

‘ఒరిజినల్’ అనే మాట దీని విషయంలో కొంచెం తమాషాగా ఉంటుంది. 1941 అక్టోబర్‌లో సైన్యం వించెస్టర్ నమూనాను ఎంచుకుంది. అవసరమేమో లక్షల్లో, టైమేమో తక్కువ. తుపాకీ ముఖం చూడని కంపెనీలకు కూడా పని పంచారు. ఇన్‌లాండ్ డేటన్‌లోని జనరల్ మోటార్స్ విభాగం, అండర్‌వుడ్ టైప్‌రైటర్లు చేసేది, రాక్-ఓలా షికాగోలో జ్యూక్‌బాక్సులు చేసేది. యుద్ధం ముగిసేలోపు వీళ్లంతా కలిసి 60 లక్షలకు పైగా కార్బైన్లు తయారుచేశారు. ఒకరి దగ్గర బ్యారెళ్లు అయిపోతే ఇంకొకరి దగ్గర్నుంచి తెప్పించేవారు. కాబట్టి ఫ్యాక్టరీ గేటు దాటేటప్పటికే చాలా కార్బైన్లలో పరాయి పార్టులున్నాయి.

ఆ తర్వాత ఆయుధాగారాల వంతు. యుద్ధం నుంచి వచ్చిన వాటిని పూర్తిగా విప్పి, పార్టులు శుభ్రం చేసి, చేతికి ఏది దొరికితే అది బిగించారు. 150, 300 గజాలకు అటూ ఇటూ తిప్పే పాత వెనక సైట్ (గురి చూసే భాగం) తీసేసి అడ్జస్ట్ చేసుకునేది పెట్టారు. సేఫ్టీ బటన్ మ్యాగజైన్ (తూటాల పెట్టె) విడుదల బటన్ పక్కనే ఉండేది. హడావుడిలో సైనికులు ఒకటి నొక్కబోయి ఇంకొకటి నొక్కితే మ్యాగజైన్ ఊడి కిందపడేది! దాని బదులు తిప్పే లీవర్ వచ్చింది. బయొనెట్ (తుపాకీ మూతి దగ్గర పెట్టే కత్తి) తగిలించే బ్యాండ్, అంటే బ్యారెల్‌నీ స్టాక్‌నీ కలిపి పట్టే ముందు పట్టీ, కూడా ఆలస్యంగా వచ్చిందే. ఈ మార్పులేవీ జరగని కార్బైన్ ఎక్కడైనా కనబడితే దాని ధర కూడా వేరే లెవెల్లో ఉంటుంది.

రేంజ్‌లో కలిసే ఒక తమ్ముడు అడిగాడు. “అన్నా, అన్నీ ఇన్‌లాండ్ పార్టులే వెతికి పెట్టేస్తే రేటు బాగా పెరుగుతుంది కదా?” పెరుగుతుంది. కానీ ఒక్కో చిన్న పార్టుకి, ఒక్కో స్క్రూకి పెట్టే డబ్బు, తిరిగే తిరుగుడు లెక్కేస్తే చివరికి మిగిలేది ఏమీ ఉండదు. పైగా స్టాక్ (చెక్క భాగం) మీద దొంగ ముద్రలు కొట్టి అమ్మేవాళ్లున్నారు. అంతకంటే నాకు నచ్చనిది ఇంకోటుంది. ఆయుధాగారంలో ఎవరో బిగించిన పార్టు తీసి నేను కొన్నది పెడితే, అది 1943 నాటి తుపాకీ అవదు, నేను ఇంట్లో కూర్చుని జతచేసిన తుపాకీ అవుతుంది. అందుకని అరిగినవే మార్చాను. పేరు కోసం ఒక్కటీ మార్చలేదు.

బాగుచేయడంలో మొదటి పని హెడ్‌స్పేస్ చూడటం, అంటే బోల్ట్ మూసుకున్నాక తూటాకి ఉండే చోటు సరిగ్గా ఉందా లేదా అని కొలవడం. వేర్వేరు తుపాకుల బోల్టూ బ్యారెలూ కలిసినప్పుడు ఇది తప్పనిసరి. గేజ్‌లు లేకపోతే గన్‌స్మిత్ దగ్గరికి తీసుకెళ్లండి. అది తేలేదాకా ఒక్క రౌండ్ కూడా కాల్చొద్దు. తర్వాత స్ప్రింగులు. దశాబ్దాలు నొక్కుకుని ఉన్న రికాయిల్ స్ప్రింగ్ (వెనక్కి వచ్చిన బోల్ట్‌ని మళ్లీ ముందుకు తోసేది) కురచబడి ఉంటుంది. పది అంగుళాల కంటే తగ్గిపోతే ఆలోచించకుండా కొత్తది వేయడమే. ఖర్చు తక్కువ, ఫలితం ఎక్కువ.

గ్యాస్ పిస్టన్ (కాల్చినప్పుడు వచ్చే గ్యాస్ తోపుతో స్లైడ్‌ని వెనక్కి కొట్టే చిన్న ముక్క) జోలికి మాత్రం పోకండి. ఈ తుపాకీ కోసం అమెరికా సైన్యం చేయించిన తూటాల్లో మొదటినుంచీ తుప్పుపట్టించని ప్రైమరే (తూటా అడుగున మందుకి నిప్పంటించే భాగం) వాడారు కాబట్టి ఆ భాగం సాధారణంగా పాడై ఉండదు. తుపాకీని నిలువుగా అటూ ఇటూ వంచితే పిస్టన్ లోపల కదులుతున్న చప్పుడు వినబడాలి. వినబడితే చాలు, దాన్ని పట్టి ఉంచే నట్ విప్పాల్సిన పనిలేదు.

స్టాక్ వాల్‌నట్ కర్ర. నల్లగా, జిడ్డుగా ఉంటే ఇసుక కాగితం పట్టాలనిపిస్తుంది. దయచేసి పట్టకండి. ఆయుధాగారం ముద్రలన్నీ పై పొరలోనే ఉంటాయి, ఒకసారి పోతే మళ్లీ రావు. మినరల్ స్పిరిట్స్ గుడ్డతో ఓపిగ్గా తుడిచి, ముడి అవిసె నూనె పల్చగా పట్టించి, ఆరనిచ్చి మళ్లీ పట్టించాను. మెరుపు రాలేదు, రాకూడదు కూడా. ఒక హెచ్చరిక: నూనె తుడిచిన గుడ్డల్ని ఉండచుట్టి గ్యారేజీలో పడేయకండి. వాటంతట అవే వేడెక్కి అంటుకుంటాయి. బయట పరిచి ఆరబెట్టాలి.

గురి బాగా లేదని కార్బైన్లను తిట్టేవాళ్లలో చాలామంది రికాయిల్ ప్లేట్ చూసుకోరు. రిసీవర్ తోకని స్టాక్‌లో పట్టి ఉంచే చిన్న ఇనప ముక్క అది. వేరే తుపాకీ స్టాక్ తెచ్చి బిగించినప్పుడు ఆ ప్లేట్ సరిగ్గా కూర్చోదు. ముందు బ్యాండ్ వదులు చేస్తే బ్యారెల్ స్టాక్ గాడిలోంచి కొంచెం పైకి లేవాలి. నాది మొదట్లో లేచేది కాదు. ప్లేట్ మార్చాక 100 గజాల దగ్గర టార్గెట్ మీద తూటాలు పడే గుంపు వెడల్పు చెప్పుకోదగ్గంతగా తగ్గింది. ఇప్పుడు మామూలుగా నాలుగు అంగుళాల్లో పడతాయి. దీని నుంచి అంతకంటే ఆశించను.

కాల్చడం మాత్రం హాయి. ఖాళీగా రెండున్నర కిలోల లోపే బరువు, అదే యుద్ధంలో సైనికుల మామూలు రైఫిల్ గరాండ్ నాలుగు కిలోలు దాటుతుంది. 110 గ్రెయిన్ల (సుమారు ఏడు గ్రాముల) బుల్లెట్ సెకనుకి దాదాపు 1,990 అడుగుల వేగంతో వెళ్తుంది, అయినా భుజానికి తగిలే దెబ్బ అతి తక్కువ. మా ఆవిడ నా మిగతా రైఫిళ్లను ముట్టుకోదు, దీన్ని మాత్రం తిరిగివ్వదు. చప్పుడు మాత్రం బండ చప్పుడు. చెవులకు డబుల్ రక్షణ పెట్టుకోండి. 200 గజాలు దాటితే బుల్లెట్ బాగా కిందికి జారిపోతుంది, పెద్ద రైఫిల్ పని దీన్ని అడగొద్దు.

తలనొప్పి అంతా మ్యాగజైన్లతోనే. కొత్తగా చవగ్గా తయారుచేసినవి కొన్ని కొన్నాను. రెండో రౌండుకో మూడో రౌండుకో ఇరుక్కునేవి. యుద్ధకాలపు 15 రౌండ్లవి పెడితే అదే తుపాకీ కిమ్మనకుండా పనిచేసింది. ఇరుక్కుంటోందని బోల్ట్‌నో స్ప్రింగ్‌నో అనుమానించే ముందు మ్యాగజైన్ మార్చి చూడండి. తూటాల ఖర్చు ఇంకో టెన్షన్. మామూలు పిస్టల్ తూటా 9 ఎం.ఎం. కంటే చాలా ప్రియం, అన్ని షాపుల్లోనూ దొరకవు.

మనవాళ్లకి ఒక మాట. హెచ్1బీ లాంటి వీసా మీద ఉన్నవాళ్లకి ఇక్కడి ఫెడరల్ చట్టం ప్రకారం తుపాకీ కొనడం మామూలుగా కుదరదు. వేట లైసెన్స్ లాంటి మినహాయింపులున్నా, లాయర్‌ని అడక్కుండా అడుగు వేయకండి. గ్రీన్ కార్డ్ వచ్చాక ఆ ఇబ్బంది లేదు. పాత ఆయుధాలు సేకరించేవాళ్లకి ఇచ్చే క్యూరియో అండ్ రెలిక్ లైసెన్స్ మూడేళ్లకి 30 డాలర్లే. కొనేటప్పుడు ఎం2 పార్టులు కలిశాయేమో కూడా చూసుకోండి. ఎం2 అంటే ఆటోమేటిక్ రకం, దాని కన్వర్షన్ పార్టుల సెట్టు దగ్గరుంటే చట్టం దృష్టిలో అదే మెషిన్‌గన్.

స్పేర్లుగా ఎక్స్‌ట్రాక్టర్ (కాల్చిన తూటా ఖాళీ డొప్పని బయటికి లాగేది), దాని స్ప్రింగూ ప్లంజరూ, ఒక ఫైరింగ్ పిన్, ఒక రికాయిల్ స్ప్రింగ్ ఉంచుకుంటే చాలు. ఏ కంపెనీవైనా సరిపోతాయి.